శని, ఆదివారాల మ్యాచ్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ మన ఫుట్‌బాల్ క్లబ్‌లో ఆడేవాళ్ల కోసం, పిల్లల్ని తీసుకొచ్చే అమ్మానాన్నల కోసం, జట్ల మేనేజర్ల కోసం. అండర్-10 మొదలుకొని వెటరన్స్ (వయసు పైబడిన ఆటగాళ్లు) దాకా ఏడు జట్లు ఒకే గ్రౌండ్‌లో ఒకదాని తర్వాత ఒకటి ఆడతాయి. ఒక జట్టు పావుగంట ఆలస్యం చేస్తే పోయేది ఆ జట్టు ఆట కాదు, తర్వాత ఆడాల్సిన పిల్లల ఆట. కింద చెప్పిన పద్ధతుల్లో చాలావరకు ఇందుకోసం పెట్టుకున్నవే.

ఏ జట్టు ఎప్పుడు ఆడుతుంది?

సొంత గ్రౌండ్‌లో ఆడే వారం ఇలా ఉంటుంది:

శనివారం పొద్దున 6:30కి అండర్-10, 7:30కి అండర్-12, 8:45కి అండర్-15. సాయంత్రం 3:45కి మహిళల జట్టు.

ఆదివారం పొద్దున 6:30కి వెటరన్స్, 8:00కి రెండో జట్టు. మధ్యాహ్నం 3:30కి మొదటి జట్టు.

ఇవి కిక్ఆఫ్ (ఆట మొదలయ్యే) టైములు. పిల్లలు అరగంట ముందు, పెద్దలు 45 నిమిషాల ముందు గ్రౌండ్‌లో ఉండాలి. అండర్-10 ఆట సగానికి 20 నిమిషాలు, మధ్యలో 5 నిమిషాల విరామం. అంటే 7:15కి అయిపోతుంది. మిగిలిన పావుగంటలో చిన్న గోల్‌పోస్టులు జరిపి, కోన్లు మార్చి, తర్వాతి జట్టుకు గ్రౌండ్ అప్పగించాలి. అండర్-12కి సగానికి 25, అండర్-15కి 35, వెటరన్స్‌కి 30, మహిళల జట్టుకి 40, పెద్దల రెండు జట్లకీ 45 నిమిషాలు.

మొదటి జట్టు మ్యాచ్ మూడున్నరకే ఎందుకని చాలామంది అడుగుతారు. నవంబరు చివర్లో హైదరాబాద్‌లో 5:40కల్లా పొద్దు గూకుతుంది. 90 నిమిషాల ఆట, పావుగంట విరామం, గాయాలకు పోయే టైము కలిపితే రెండు గంటలకు కాస్త తక్కువ. నాలుగింటికి మొదలుపెడితే చివరి పది నిమిషాలు గోల్‌కీపర్‌కు బంతి కనపడదు. అలాగే జనవరిలో సూర్యోదయం 6:45 దాటాకే కాబట్టి డిసెంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా పొద్దుటి మ్యాచ్‌లన్నీ అరగంట ఆలస్యంగా మొదలవుతాయి.

వస్తానో రానో ఎప్పటిలోగా చెప్పాలి?

బుధవారం రాత్రి తొమ్మిదిలోగా. గ్రూప్‌లో పోల్ పెడతాం, అందులో రెండే ఉంటాయి: వస్తాను, రాను. "ట్రై చేస్తా అన్నా" అంటే రానట్టే లెక్క.

గురువారం పొద్దున మేనేజర్లు ఏడు జట్ల జాబితాలూ ఒకచోట పెట్టుకుని చూస్తారు. పదకొండు మంది ఆటకు 16 మంది పేర్లు కావాలి. 13 కంటే తక్కువ ఉంటే రెండో జట్టు నుంచో వెటరన్స్ నుంచో అడగాలి, వాళ్లకూ ఒక రోజు ముందు తెలియాలి. అదే రోజు రెఫరీకి, ఎదుటి జట్టుకు ఖరారు చేస్తాం. శుక్రవారం రాత్రి పదింటికి "ఆఫీసులో పని పడింది" అని మెసేజ్ పెడితే ఆ ఖాళీ నింపే దారి దాదాపు ఉండదు.

పనులు అందరికీ ఉంటాయి, రాలేకపోవడం తప్పు కాదు. చెప్పకుండా ఉండటం మాత్రం మిగతా పదిమందినీ ఇబ్బంది పెడుతుంది. ఆట నియమాల ప్రకారం ఒక జట్టులో ఏడుగురి కంటే తక్కువ ఉంటే మ్యాచ్ మొదలుకాదు. అప్పుడు ఎదుటి జట్టుకు వాకోవర్ (ఆడకుండానే గెలుపు) వెళ్తుంది, రెఫరీ ఫీజు, గ్రౌండ్ అద్దె మాత్రం మన మీదే పడతాయి.

ఒకే వారాంతంలో రెండు జట్లకు ఆడొచ్చా?

పెద్దలు ఆడొచ్చు, ఒక హద్దుతో. శనివారం గంటకు మించి ఆడినవాళ్లు ఆదివారం సబ్‌గానే (ఇంకొకరి బదులు దిగేవాళ్లుగా) కూర్చోవాలి, దిగినా అరగంట మించకూడదు. తొడ వెనక కండరం పట్టేయడం ఎక్కువగా అలసిన కాళ్ల మీద వేగంగా పరిగెత్తినప్పుడే జరుగుతుంది, ఒకసారి చిరిగితే వారాల తరబడి ఆట పోతుంది. పిల్లలు మాత్రం రోజుకు ఒక్క మ్యాచే. అండర్-15 పిల్లవాడు ఎంత బాగా ఆడినా పెద్దల జట్టులో దించం.

గోల్‌కీపర్ల విషయంలో సడలింపు ఉంది. రెండో జట్టు కీపర్ రాకపోతే వెటరన్స్ కీపర్ వరసగా రెండు మ్యాచ్‌లు నిలబడొచ్చు. అయితే టోర్నమెంట్ నిబంధనలు ముందు చదవాలి. కొన్ని లీగుల్లో ఒక జట్టుకు నమోదైనవాళ్లు ఆ సీజన్‌లో వేరే జట్టుకు ఆడితే పాయింట్లు పోతాయి.

మా పాపకు ఎంతసేపు ఆట దొరుకుతుంది?

అండర్-10, అండర్-12లో వచ్చిన పిల్లలందరికీ ఆట సమానంగా పంచుతాం. గెలుస్తున్నామా ఓడుతున్నామా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

లెక్క ఇలా చేస్తాం. అండర్-10 ఏడుగురి ఆట, మొత్తం 40 నిమిషాలు. పది నిమిషాల చొప్పున నాలుగు భాగాలు, ఒక్కో భాగంలో ఏడుగురు, అంటే మొత్తం 28 చోట్లు. పదిమంది పిల్లలొస్తే ఎనిమిదిమందికి మూడేసి భాగాలు, ఇద్దరికి రెండేసి వస్తాయి. ఆ ఇద్దరి పేర్లూ కోచ్ నోట్‌బుక్‌లో రాసిపెడతాడు, తర్వాతి వారం వాళ్లు మూడు భాగాలూ ఆడతారు. ఐదు నిమిషాలకోసారి మారిస్తే ఇంకా సమానంగా వస్తుంది కానీ, ఆటలో కుదురుకునేలోపే పిల్లవాణ్ణి బయటకు పిలవాల్సి వస్తుంది. అందుకే పది.

గోల్‌లో నిలబడే వంతు కూడా మారుతుంది. ఏ పిల్లనైనా ఎనిమిదేళ్లకే "నువ్వు గోలీవే" అని తేల్చేయడం మాకు ఇష్టం లేదు. పిల్లల మ్యాచ్‌ల్లో బయటకు వెళ్లినవాళ్లు మళ్లీ లోపలికి రావచ్చు. నియమాలు యువజన, వెటరన్స్, గ్రాస్‌రూట్స్ ఆటల్లో దీనికి వీలిచ్చాయి, దానికి జాతీయ ఫుట్‌బాల్ సంఘం ఒప్పుకోవాలి.

పదేళ్ల పిల్లల్ని పెద్ద గ్రౌండ్‌లో పదకొండు మందితో ఎందుకు ఆడించరు?

పెద్ద గోల్ 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు. నాలుగడుగుల పిల్లవాడు దాని కింద నిలబడితే తల మీదుగా పోయే ప్రతి బంతీ గోలే. 100 మీటర్ల గ్రౌండ్‌లో పిల్లల కాళ్లకు పరుగే తప్ప బంతి తగలదు. అందుకే పెద్ద గ్రౌండ్‌ను రెండుగా పంచి, అడ్డంగా 55 మీటర్ల పొడవు, 37 మీటర్ల వెడల్పుతో రెండు చిన్న గ్రౌండ్లు గీస్తాం. గోల్‌పోస్టు 3.66 మీటర్ల వెడల్పు, 1.83 మీటర్ల ఎత్తు. బంతి 4వ సైజు.

నేర్పడం కోసం ఆట షరతులు మార్చడం ఈ ఊరికి కొత్త కాదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ అనే ఫుట్‌బాల్ టోర్నమెంట్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దిన ఎస్.ఏ. రహీమ్, డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతోనూ, బలహీనమైన కాలితోనే తన్నాలన్న షరతుతోనూ పోటీలు పెట్టేవారు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. మన అండర్-12 ప్రాక్టీసులో ఎడమకాలి ఆట పెడితే "మావాడు కుడికాలివాడండీ" అని కంగారు పడకండి. అందుకే పెట్టాం.

ఏ బూట్లు కొనాలి?

గ్రౌండ్‌ను బట్టి. నగరంలో మనం ఆడే గ్రౌండ్లు మూడు రకాలు: మొరం నేల, గడ్డి, కృత్రిమ టర్ఫ్.

మొరం మీద పొట్టి రబ్బరు బుడిపెలు చాలా ఉండే టీఎఫ్ (టర్ఫ్) బూట్లు మంచివి. పొడవాటి స్టడ్స్ గట్టినేలలో దిగవు, బరువంతా నాలుగైదు చోట్లే పడి మడమ నొప్పి మొదలవుతుంది. టర్ఫ్ మీద టీఎఫ్ గానీ ఏజీ (కృత్రిమ గడ్డికి చేసినవి) గానీ వేసుకోండి. గడ్డికి చేసిన ఎఫ్‌జీ బూట్లతో, అందులోనూ బ్లేడు ఆకారపు స్టడ్స్‌తో టర్ఫ్ మీద తిరిగితే పాదం నేలను పట్టుకుని ఉండిపోతుంది, ఒళ్లు తిరుగుతుంది, మధ్యలో మోకాలు మెలిపడుతుంది. లిగమెంట్ తెగే దారుల్లో ఇదొకటి. పచ్చగడ్డి ఉంటేనే ఎఫ్‌జీ. ఇనుప స్టడ్స్ మన మ్యాచ్‌ల్లో అసలొద్దు.

ఒక్క జతే కొనగలిగితే టీఎఫ్ కొనండి. పిల్లలకు "వచ్చే ఏడాదికి సరిపోతాయి" అని రెండు సైజులు పెద్దవి కొనకండి. పాదం లోపల జారి వేళ్ల గోళ్లు నల్లబడతాయి. కాలివేలి ముందు చేతి బొటనవేలి వెడల్పులో సగం ఖాళీ చాలు.

సంచిలో ఏమేం ఉండాలి?

రెండు రంగుల జెర్సీలూ. ఎదుటి జట్టుదీ అదే రంగైతే గ్రౌండ్‌లోనే మార్చుకోవాలి. షార్ట్స్, సాక్సులు, షిన్‌గార్డులు (మోకాలి కింద ముందువైపు ఎముకకు రక్షణగా పెట్టుకునేవి), లీటరు నీళ్ల సీసా, తువ్వాలు, పొడి చొక్కా. షిన్‌గార్డులు లేకుండా ఎవరినీ ఆడనివ్వం, వాటి సైజు సరిపోయిందో లేదో చూసుకోవాల్సింది ఆటగాళ్లే. అగ్గిపెట్టెంత షిన్‌గార్డు ఫ్యాషన్‌గా మారింది. దెబ్బ తగిలేది దాని పక్కనే.

చెవిపోగులు, తాయెత్తు, చేతి దారం తీసేయాలా?

తీసేయాలి. గొలుసులు, ఉంగరాలు, కడియాలు, తోలు పట్టీలు, రబ్బరు బ్యాండ్లు అన్నీ నిషేధమే, మీద టేపు చుట్టినా కుదరదని నియమాల్లో స్పష్టంగా ఉంది. ముక్కుపుడక, మెట్టెలు, మంగళసూత్రం కూడా ఇందులోకే వస్తాయి. తీయడం కుదరదనుకుంటే శుక్రవారమే మేనేజర్‌కు చెప్పండి. కిక్ఆఫ్ దగ్గర రెఫరీతో వాదన పెట్టుకుంటే ఆడకుండా కూర్చోవాల్సి వస్తుంది. ఉంగరం విషయంలో మాత్రం మేమే పట్టుబడతాం. గోల్ నెట్‌కు ఉంగరం చిక్కుకుంటే వేలి చర్మం ఊడొస్తుంది.

హిజాబ్, పట్కా వంటి తలకట్టుకు అనుమతి ఉంది. నలుపు రంగుదో జెర్సీ రంగుదో అయి, జెర్సీకి కుట్టకుండా, వేలాడే కొసలు లేకుండా ఉండాలి. పిన్నులు వద్దు. కళ్లద్దాలు స్పోర్ట్స్ రకానివైతే సరే.

పొద్దున ఏం తిని రావాలి?

ఆరున్నర మ్యాచ్‌కు అరటిపండు, రెండు బ్రెడ్ ముక్కలు, లేదా గ్లాసుడు పల్చటి రాగిజావ. ఎనిమిదింటి మ్యాచ్‌కు రెండు గంటల ముందు మూడు ఇడ్లీలు తినొచ్చు. పూరీ, వడ, మైసూర్ బజ్జీ మ్యాచ్ అయ్యాక. శనివారం రాత్రి బిర్యానీ పదకొండింటికి తిని ఆదివారం పొద్దున వెటరన్స్ మ్యాచ్‌కు వస్తే ఒళ్లు కదలదు.

వాన పడితే మ్యాచ్ ఉంటుందా?

వాన ఒక్కటే అయితే ఉంటుంది. ఉరుములు, మెరుపులు వస్తే ఉండదు. మెరుపు కనపడ్డాక 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే అందరూ వెంటనే గ్రౌండ్ వదిలి పక్కా భవనంలోకో కారులోకో వెళ్లాలి. చెట్టు కిందికి, ఇనుప స్తంభాల పక్కకు వెళ్లకూడదు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిస్తేనే మళ్లీ ఆట. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉన్నట్టుండి వచ్చే గాలివానలే జూలై ముసురు కంటే మనకు ప్రమాదం.

నేల ఆడదగ్గదో కాదో తేల్చేది కిక్ఆఫ్‌కు గంటన్నర ముందు. భుజం ఎత్తు నుంచి బంతిని ఐదారు చోట్ల వదులుతాం: రెండు పెనాల్టీ ఏరియాలు (గోల్ ముందుండే పెద్ద పెట్టెలు), మధ్యలో, నీళ్లు నిలిచే మూలలు. బంతి లేవకుండా అతుక్కుపోతే అక్కడ ఆడలేం. పెనాల్టీ ఏరియాలో అలా అయితే మ్యాచ్ రద్దు. పక్క లైను దగ్గరైతే చీపురుతో నీళ్లు తోసి, ఇసుక చల్లి చూస్తాం. మడ్డి మడ్డిగా ఉన్న మొరం మీద బలవంతంగా ఆడితే ఆ వారం బాగానే ఉంటుంది. తర్వాత ఆ అడుగుల గుంతలు ఎండి రాళ్లలా గట్టిపడతాయి, పై వారం చీలమండలు మడతపడేది వాటిలోనే. రోలర్ తిప్పకుండా ఆ నేల మీద పిల్లల్ని దించం.

రద్దు సమాచారం గ్రూప్‌లో మేనేజర్ మాత్రమే పెడతాడు. "మా కొండాపూర్‌లో కుండపోత" అని పెట్టినంత మాత్రాన మ్యాచ్ ఆగదు. ఉప్పల్‌లో ఎండ కాస్తుండొచ్చు.

ఎండాకాలం ఎలా?

మార్చి మూడో వారం తర్వాత పొద్దున 8:30 దాటాక పిల్లల మ్యాచ్ ఉండదు. టర్ఫ్ మరీ జాగ్రత్త. నల్లటి రబ్బరు గుళికలు వేడిని పట్టుకుంటాయి, మధ్యాహ్నం ఉపరితలం 60 డిగ్రీలు దాటగలదు. ప్రతి సగంలో ఒక కూలింగ్ బ్రేక్ రెఫరీని అడిగి పెట్టించుకుంటాం. నియమాల ప్రకారం అది 90 సెకన్ల నుంచి 3 నిమిషాల దాకా ఉండొచ్చు.

ఓఆర్‌ఎస్ కలిపేటప్పుడు ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాశారో అన్నే పోయండి. పెద్ద ప్యాకెట్ లీటరుకు, చిన్నది 200 మి.లీ.కు. చిక్కగా కలిపితే మేలు జరగదు, విరేచనాలు కావచ్చు. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉన్నదే తెండి, తియ్యటి జ్యూస్ డబ్బాలు దాని బదులు పనికిరావు. చెమట పడుతున్నా ఆగిపోయినా, మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ: నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా నీళ్లు పోసి, మెడకూ చంకలకూ ఐస్ పెట్టి 108కు ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

రంజాన్, బోనాలు, సంక్రాంతి వారాల్లో?

రంజాన్ నెలలో ఉపవాసం ఉన్న ఆటగాళ్లను మధ్యాహ్నం మ్యాచ్‌లకు ఎంపిక చేయం, వాళ్లు స్వయంగా అడిగితే తప్ప. వీలైనన్ని మ్యాచ్‌లు ఇఫ్తార్ తర్వాత లైట్ల కింద పెట్టేందుకు చూస్తాం. పగలు ఆడే మ్యాచ్‌లో సూర్యాస్తమయం పడితే ఖర్జూరం, నీళ్లు తీసుకునేందుకు ఆట ఆపమని రెఫరీకి టాస్ దగ్గరే చెప్తాం.

ఆషాఢంలో బోనాలు ఎక్కువగా ఆదివారాల్లోనే వస్తాయి. గోల్కొండ, సికింద్రాబాద్, లాల్‌దర్వాజ వైపు ట్రాఫిక్ మళ్లిస్తారు కాబట్టి ఆ రోజు అటువైపు గ్రౌండ్లు ఒప్పుకోం. గణేశ్ నిమజ్జనం రోజు మ్యాచ్‌లే పెట్టం. సంక్రాంతికి సగం జట్టు సొంత ఊళ్లకు వెళ్తుంది, ఆ వారాంతం సెలవు.

బయటి గ్రౌండ్‌కు ఎలా వెళ్లాలి?

ఆరున్నర మ్యాచ్‌కు మెట్రోను నమ్ముకోవద్దు, మన రిపోర్టింగ్ టైముకు రైళ్లు మొదలుకావు. మొయినాబాద్, శామీర్‌పేట, ఘట్‌కేసర్ వైపు వెళ్లేటప్పుడు బండ్ల మీద వచ్చేవాళ్లు గుర్తుంచుకోండి: ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గంలో టూవీలర్లకు అనుమతి లేదు. సర్వీస్ రోడ్డు పట్టుకోవాలి, దానికి టైము ఎక్కువ వేసుకోవాలి. పిల్లల్ని ఇంకొకరి కారులో పంపితే ఎవరి కారు, వెనక్కి ఎవరు తెస్తారు అన్నది తల్లిదండ్రులే గ్రూప్‌లో రాయాలి. కోచ్ ఒక్కడే ఒక్క పిల్లవాణ్ణి బండి మీద దింపడం మన క్లబ్‌లో లేదు. కోచ్ ఎంత మంచివాడైనా సరే.

వాలంటీర్‌గా గ్రౌండ్ గీయాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

కొలతలు 100 మీటర్లు, 64 మీటర్లు. ముందు ఒక పక్క లైను తాడుతో సాగదీసి మేకులు కొట్టండి. మూల దగ్గర ఒక లైను మీద 6 మీటర్లు, రెండో లైను మీద 8 మీటర్లు గుర్తు పెడితే ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 10 మీటర్లు రావాలి. అప్పుడే మూల చదరం. నాలుగు మూలలూ అయ్యాక రెండు ఐమూలలు కొలవండి, రెండూ 118.7 మీటర్లు రావాలి. తేడా అర మీటరు దాటితే గీయకండి, మళ్లీ కొలవండి. ఈ పని ఎగ్గొడితే పెనాల్టీ ఏరియా ఒక పక్కకు వాలుతుంది, రెండో సగంలో ఎవరో ఒకరు పట్టుకుంటారు.

గోల్ లోపలి అంచు నుంచి అటూ ఇటూ 16.5 మీటర్లు, లోపలికి 16.5 మీటర్లు పెనాల్టీ ఏరియా. మొత్తం వెడల్పు 40.32. చిన్న పెట్టె 5.5 మీటర్లు. పెనాల్టీ స్పాట్ 11 మీటర్ల దగ్గర. మధ్య వలయానికీ, పెనాల్టీ ఏరియా బయటి 'డి'కీ తాడు పొడవు 9.15. కార్నర్ వంపు 1 మీటరు. గీత 12 సెం.మీ. మించకూడదు.

అన్నీ కలిపితే దాదాపు 700 మీటర్ల గీత. ముగ్గు 25 కిలోల సంచులు రెండు దగ్గర పెట్టుకోండి. సున్నం వాడొద్దు. తడి తగిలితే చర్మాన్నీ కళ్లనీ కాల్చేస్తుంది, స్లైడింగ్ చేసిన తొడ మీద పుండ్లు పడతాయి. మొరం నేలైతే ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లండి, దుమ్ము అణుగుతుంది, ముగ్గు కూడా గాలికి లేవదు.

కదిలే గోల్‌పోస్టుల వెనక కడ్డీ మీద ఇసుక సంచులు పెట్టి, తాళ్లతో కట్టాలి. ఒకరు ఊపి చూడాలి. క్రాస్‌బార్ పట్టుకుని వేలాడినప్పుడు పోస్టు మీద పడి పిల్లలు చనిపోయిన సంఘటనలు ప్రపంచమంతటా ఉన్నాయి. గట్టిగా కట్టకుండా ఒక్క నిమిషం కూడా నిలబెట్టకండి. నెట్ కట్టడానికి ఇనుప కొక్కేలు కాదు, ప్లాస్టిక్ టైలు.

బంతుల్లో గాలి ఎంత ఉండాలి?

నియమం 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ (బార్‌కు దాదాపు సమానం), అంటే గేజ్ మీద 8.5 నుంచి 15.6 పీఎస్ఐ. పెద్దలకు 10 నుంచి 11, పిల్లలకు 9. మొరం మీద ఇంకాస్త తక్కువ, లేకపోతే బంతి అదుపులో ఉండదు. సూదిని గ్లిజరిన్‌తోనో నీళ్లతోనో తడిపి మెల్లగా తిప్పుతూ దించండి. పొడి సూదిని గుచ్చితే వాల్వ్ చిరుగుతుంది, బ్లాడర్‌కు తూటు పడుతుంది. బంతులు పాడయ్యేది ఎక్కువగా ఇలాగే. కారు డిక్కీలో వదిలేయొద్దు. 25 డిగ్రీల దగ్గర 0.8 బార్ నింపిన బంతి 55 డిగ్రీల డిక్కీలో దాదాపు 1 బార్‌కు చేరుతుంది, కుట్లు సాగుతాయి.

మ్యాచ్‌కు రెండు మంచి బంతులు, వార్మప్‌కు ఇద్దరికి ఒకటి. బంతులు లెక్కపెట్టి తీసుకుని, లెక్కపెట్టి తర్వాతి మేనేజర్‌కు ఇవ్వాలి.

జెండా ఇచ్చి లైన్స్‌మన్‌గా నిలబడమన్నారు. ఏం చేయాలి?

ముందు రెఫరీని అడగండి: బంతి బయటకు పోవడం మాత్రమే చూపాలా, ఆఫ్‌సైడ్ (సహచరుడు బంతి తన్నే క్షణానికే బంతికంటే, చివరి నుంచి రెండో డిఫెండర్‌కంటే గోల్‌కు దగ్గరగా ఉండటం) కూడానా? మన స్థాయిలో చాలామంది రెఫరీలు మొదటిదే చాలంటారు.

బంతి మొత్తం గీత మొత్తాన్నీ దాటితేనే బయటకు పోయినట్టు. అంచు తగిలి ఉన్నా లోపలే. త్రో ఎవరిదైతే వాళ్లు దాడి చేసే దిక్కుకు జెండా చూపండి. ఆఫ్‌సైడ్ చూడమంటే గోల్ వైపు నుంచి రెండో డిఫెండర్‌తో సమానంగా కదలాలి. సాధారణంగా మొదటివాడు గోల్‌కీపర్, కానీ కీపర్ ముందుకొస్తే లెక్క మారుతుంది. సహచరుడి కాలికి బంతి తగిలిన క్షణంలో దాడి చేసే ఆటగాడు ఎక్కడున్నాడన్నదే ముఖ్యం, అందుకున్నప్పుడు కాదు. గోల్‌కిక్, త్రో-ఇన్, కార్నర్ నుంచి నేరుగా వస్తే ఆఫ్‌సైడ్ లేదు. సొంత సగంలో ఉన్నా లేదు. అనుమానంగా ఉంటే జెండా దించే ఉంచండి.

జెండా చేతిలో ఉన్నంతసేపూ మీరు ఏ జట్టువాళ్లూ కారు. "ముందుకు రా బాబూ" అని అరవకూడదు.

ఇంకొకటి: 2025 జూలై నుంచి గోల్‌కీపర్ బంతిని చేతుల్లో ఎనిమిది సెకన్లకు మించి పట్టుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్ ఇస్తున్నారు. చివరి ఐదు సెకన్లు రెఫరీ వేళ్లతో లెక్క చూపిస్తాడు. కీపర్లు, వాళ్ల నాన్నలు గమనించండి.

ఎవరికైనా దెబ్బ తగిలితే?

ప్రతి మ్యాచ్‌కు ఫస్ట్ ఎయిడ్ పెట్టె, మూడు కిలోల ఐస్ ఉన్న డబ్బా ఉంటాయి. పెట్టెలో 6, 10 సెం.మీ. క్రేప్ బ్యాండేజీలు, గాయం మీద వేసే గాజ్ గుడ్డ, సెలైన్ సీసా, బెటడిన్, గ్లవ్స్, కత్తెర, త్రికోణ బ్యాండేజీ, టేపు, జిప్ కవర్లు, ఓఆర్‌ఎస్. శుక్రవారం రాత్రి మేనేజర్ తెరిచి చూడాలి.

చీలమండ మడతపడితే ఆట ఆపించి, గుడ్డలో చుట్టిన ఐస్ 15 నుంచి 20 నిమిషాలు పెట్టి, క్రేప్ కట్టి కాలు ఎత్తులో ఉంచండి. నాలుగడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. అదే రోజు జండూబామ్ రాసి మర్దన చేయకండి, వాపు పెరుగుతుంది. మొరం మీద గీసుకుపోతే ముందు నీళ్లతో, సెలైన్‌తో మట్టి మొత్తం పోయేదాకా కడగాలి. మట్టి లోపలుండగా బెటడిన్ పోస్తే చీము పడుతుంది.

తలకు దెబ్బ తగిలి, క్షణం పాటైనా తెలివి తప్పినా, తల తిరిగినా, వాంతి వచ్చినా, స్కోరెంతో చెప్పలేకపోయినా ఆ రోజు మళ్లీ ఆడనివ్వం. "బాగానే ఉన్నానన్నా" అన్నా సరే. డాక్టరు రాసిచ్చాకే ప్రాక్టీసుకు.

ఎవరూ తాకకుండానే ఒకరు కుప్పకూలితే అది గుండె ఆగడమని అనుకునే కదలండి. పిలిస్తే పలక్కుండా, మామూలుగా ఊపిరి తీసుకోకుండా ఉంటే ఒకరు 108కు ఫోన్, ఒకరు వెంటనే ఛాతీ మధ్యలో నొక్కడం: నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెం.మీ. లోతు. సహాయం వచ్చేదాకా ఆపకూడదు, అలిస్తే మనిషి మారాలి. నోట్లో వేళ్లు పెట్టకూడదు, చేతిలో తాళాలు పెట్టడం వల్ల లాభం లేదు. మూడో మనిషి గేటు దగ్గరకు పరిగెత్తి అంబులెన్స్‌కు దారి చూపాలి. గేటు తాళం ఎవరి దగ్గరుందో కిక్ఆఫ్ ముందే తెలిసుండాలి. ఈ ఒక్కటీ ప్రతి మేనేజర్ ప్రతి వారం కనుక్కోవాలి. వెటరన్స్‌లో ఆడేవాళ్లకు నడిచినప్పుడు ఛాతీ బిగుతుగా అనిపిస్తే మ్యాచ్ కంటే ముందు డాక్టరు దగ్గరికి.

వార్మప్‌కు అంత టైము అవసరమా?

అవసరం. ఫిఫా 11+ అనే పద్ధతి చేయిస్తాం: 8 నిమిషాల మెల్లని పరుగులు, 10 నిమిషాల బలం, గెంతులు, బ్యాలెన్స్, 2 నిమిషాల వేగం పరుగులు. పెద్దలకు 20 నిమిషాలు. ఆలస్యంగా వచ్చి నేరుగా గోల్ మీద షాట్లు కొట్టడం వార్మప్ కాదు.

అమ్మానాన్నలం మేం ఎక్కడ నిలబడాలి? పిల్లల్ని ఉత్సాహపరచొచ్చా?

కోచ్‌లు ఉన్నదానికి ఎదుటి పక్క, గీతకు రెండు మీటర్ల వెనక. గోల్ వెనక వద్దు. చప్పట్లు కొట్టండి, పేరు పెట్టి పిలవండి, ఎదుటి పిల్లల మంచి ఆటకూ కొట్టండి. "షూట్ చెయ్", "పాస్ ఇవ్వు" మాత్రం వద్దు. కోచ్ ఒకటి, నాన్న ఒకటి చెప్తే పిల్లవాడు బంతి వదిలేసి మీ ముఖం చూస్తాడు. ఇంటికెళ్లేటప్పుడు కారులో మ్యాచ్ విశ్లేషణ కూడా వద్దండీ. ఆకలిగా ఉందా అని అడగండి చాలు.

ఖర్చు ఎలా పంచుతారు?

గ్రౌండ్ అద్దె, రెఫరీ ఫీజు, ఐస్, నీళ్లు, ముగ్గు కలిపి ఆ మ్యాచ్ జాబితాలో ఉన్నవాళ్ల మీద సమానంగా. ఉదాహరణకు మొత్తం 4,800 రూపాయలైతే, 16 మందికి తలా 300. ఆడినా, బెంచ్ మీద ఉన్నా అంతే. వస్తానని చెప్పి రానివాళ్లూ కట్టాలి. విద్యార్థులు సగం, మిగతాది క్లబ్ నిధి నుంచి. డబ్బు ఇబ్బంది ఉంటే మేనేజర్‌తో ఒక్కమాట చెప్పండి, అది మూడో మనిషికి తెలియదు. రెఫరీ ఫీజు కిక్ఆఫ్‌కు ముందే ఇచ్చేస్తాం. ఫలితం చూశాక ఇవ్వడం మర్యాద కాదు.

రెడ్ కార్డు వస్తే?

ఆ మ్యాచ్‌లో పదిమందితోనే ఆడాలి, పైగా కార్డు వచ్చినవాళ్లు గ్రౌండ్ చుట్టుపక్కల కూడా ఉండకూడదు. తర్వాత ఎన్ని మ్యాచ్‌లు కూర్చోవాలో టోర్నమెంట్ నిర్ణయిస్తుంది. రెఫరీని తిట్టినందుకు వస్తే దానిపైన మన క్లబ్ ఇంకో రెండు మ్యాచ్‌లు కలుపుతుంది.

ఫలితాలు, ఫోటోలు ఎక్కడ?

స్కోరు, గోల్ కొట్టినవాళ్లు, కార్డులు, గాయాలు మేనేజర్ అదే రోజు రాత్రి ఎనిమిదిలోగా పంపాలి. అండర్-10, అండర్-12 స్కోర్లు పోస్ట్ చేయం. పిల్లల ఫోటోలు తల్లిదండ్రులు రాసిచ్చిన అనుమతి ఉంటేనే పెడతాం, బడి పేరు, ఇంటి పేరు లేకుండా.

జెర్సీలు ఎవరు ఉతకాలి?

ఎవరిది వాళ్లు, అదే రోజు. తడి జెర్సీని సంచిలో రెండు రోజులు వదిలేస్తే నల్ల బూజు మచ్చలు పడతాయి, పోవు. తిరగేసి, చన్నీళ్లలో, బ్లీచ్ గానీ కంఫర్ట్ లాంటివి గానీ లేకుండా ఉతకండి. నంబరు మీద ఇస్త్రీ పెట్టొద్దు, ఊడిపోతుంది. నీడలో ఆరేయండి. గోల్‌కీపర్ జెర్సీలు, బిబ్స్ (ప్రాక్టీసులో జట్లు వేరుగా తెలిసేందుకు వేసుకునే పైచొక్కాలు) క్లబ్‌వి. ఆదివారం మొదటి జట్టు మేనేజర్ తీసుకెళ్లి మంగళవారం ప్రాక్టీసుకు ఉతికి తేవాలి.